వ్యాన్ అంకుల్‌కి రాజ్యాంగం చెప్పిన రోజు

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి అన్యాయానికీ ఏదో ఒక సెక్షన్ ఉంటుందని నా గట్టి నమ్మకం. రవాణా కంపెనీలను అదుపులో పెట్టే రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో కొత్తగా చేరాను (అదుపులో పెట్టేది పైవాళ్లు, నేను వాళ్లకి ఫైళ్లు అందించేదాన్ని). మావాళ్లు వలసొచ్చిన ఈ దేశంలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంటుంది. మా రాష్ట్ర రాజ్యాంగం గుత్తాధిపత్యం కూడదంటుంది, రవాణా కంపెనీలు అందరినీ సమానంగా చూడాలంటుంది, ప్రభుత్వ పదవిలో ఉన్నవాళ్లు వాటి దగ్గర ఉచిత ప్రయాణం పుచ్చుకోకూడదంటుంది. వెనకటికి రైలు కంపెనీలు ఫ్రీ పాసులు పంచి నాయకులను బుట్టలో వేసుకునేవట. నన్ను బుట్టలో వేసుకోవాలని ఎవరికీ తోచకపోవడమే నా బాధ.

చివరికి ఒకరు దొరికారు. మా ఊరి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి తిరిగే వ్యాన్లన్నీ ఒక్క తెలుగాయనవే. చిన్నప్పటి నుంచీ మాకాయన వ్యాన్ అంకుల్. తెలుగువాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం ఆయన ఇంటావంటా లేదు. ఒక రోజు సాయంత్రం, ఫ్లైట్‌లో వెళ్లాల్సినంత దూరాన కాపెల్‌లో మా అక్క పెళ్లి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్దామంటే నా కారేమో రిపేర్‌లో ఉంది. ఆన్‌లైన్‌లో వ్యాన్ టికెట్ బుక్ చేస్తే, పేరు చూసి వెంటనే రిఫండ్ చేసేశారు. తీరా స్టాప్‌కి వెళ్తే డ్రైవర్ సీట్లో ఆయనే ఉన్నారు.

"ఎక్కమ్మా, లగేజ్ నేను పెడతా."

"డబ్బులు తీసుకుంటేనే ఎక్కుతా అంకుల్. నేను గవర్నమెంట్ ఎంప్లాయీని. పైగా మీది మోనోపలీ."

"ఇంకెవరైనా వ్యాన్లు పెడితే నేనే ఎక్కుతానమ్మా, నడుం పోతోంది. నీ దగ్గర ఛార్జ్ చేశానని తెలిస్తే మీ ఆంటీ నాకు అన్నం పెట్టదు."

"పబ్లిక్‌కి ఏ రేటో నాకూ అదే రేటు ఉండాలి అంకుల్. అది రూల్."

"అంతేనా?" అని ఆయన కిందికి దిగి, ఈ ట్రిప్ అందరికీ ఫ్రీ అని ఇంగ్లిష్‌లో ప్రకటించేశారు. "ఇప్పుడు పబ్లిక్ రేటే ఫ్రీ. ఎక్కు తల్లీ."

ఆ తర్కంలో లోపం ఎక్కడుందా అని వెతుకుతూ నేను నిలబడిపోయాను. పక్కన సిటీ బస్సు కోసం చూస్తున్నవాళ్లు మాత్రం నిలబడలేదు. నేను తేరుకునేసరికి వ్యాన్ నిండిపోయింది. అంకుల్ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "చివర్లో ఎక్కినాయన్ని దిగమని రిక్వెస్ట్ చేయనా?" అని మెల్లగా అడిగారు. చేయమనడానికే నోరు తెరిచాను. కానీ అప్పటిదాకా ప్రసంగించిన నోరు కదా, "అది డిస్క్రిమినేషన్ అంకుల్" అంది.

తర్వాతి వ్యాన్, తర్వాతి ఫ్లైట్ పట్టుకుని నేను వెళ్లేసరికి వధూవరులు భోజనాల దగ్గరున్నారు. "తాళి కట్టేటప్పుడు నీకోసం వెతికానే" అంది అక్క. అమ్మ మాత్రం అడిగినవాళ్లందరికీ, నాకేదో జలుబు చేసినట్టు, "దానికి రాజ్యాంగం అడ్డొచ్చిందండీ" అని చెప్పుకొచ్చింది. ఆ సెక్షన్ పదవుల్లో ఉన్నవాళ్లకేగానీ ఫైళ్లు మోసేవాళ్లకి కాదని సోమవారం మా బాస్ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

అంకుల్ కంపెనీ అమ్మేసి హెర్న్‌డన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నేనూ ఆ ఉద్యోగం మానేశాను, ఇప్పుడు నన్ను ఏ సెక్షనూ ఆపదు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలంటే ఫోన్‌లో క్యాబ్ బుక్ చేసి, అందరితో సమానంగా డబ్బు కట్టి, దారంతా ముక్కూ మొహం తెలియని డ్రైవర్ వీపు చూస్తూ కూర్చుంటాను. పాపం, ఆనాటి ఆ పిల్ల పట్టుబట్టి అడిగిన న్యాయం అక్షరాలా ఇదే.