హోటల్ బోర్డు మీద దిగులు ముఖం

ఫోను చేతిలో చాచి పట్టుకుని తన ముఖం తానే తీసుకోవడం జనానికి ఇంకా అలవాటు పడని రోజుల్లో, మనకో ఫొటో కావాలంటే తీసేందుకు ఇంకో మనిషి ఉండాల్సిందే. నాకు కరువైంది సరిగ్గా ఆ ఇంకో మనిషే. జవళగేర దగ్గర మా క్యాంపులో (గోదావరి వైపు నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న మావాళ్ళ ఊళ్ళని అక్కడ క్యాంపులనే అంటారు) ఇంటినిండా జనం మధ్య పెరిగినవాణ్ణి, రాయచూరులో ఫ్లెక్స్ బోర్డుల దుకాణంలో డిజైనర్‌గా చేరి, మేడ మీద ఒంటిగదిలో పడ్డాను. మా బజారులో సగం మంది తెలుగే మాట్లాడేవారు, కాకపోతే నాతో మాట్లాడేవారు కాదు. హోటల్లో ఒక్కణ్ణే కూర్చుని తింటే అందరూ నన్నే చూస్తారని సిగ్గు. అందుకని రాత్రిపూట బన్నూ అరటిపండుతో సరిపెట్టేసేవాణ్ణి. కస్టమర్ కేర్ అమ్మాయి "ఇంకేమైనా సహాయం కావాలా సార్" అని అడిగితే, వెంటనే ఫోను పెట్టేయకుండా కాసేపు ఆలోచించేవాణ్ణి.

అలాంటి రోజుల్లో నాకు మొదటి పెద్ద పని వచ్చింది. మా బజారులోనే ఒక భోజన హోటలుకి కొత్త బోర్డు. హోటలాయన్ని అందరూ సావుకారు అనేవారు. తలపాగా చుట్టుకున్న మనిషి చేతులు జోడించి జనాన్ని భోజనానికి పిలుస్తున్నట్టు ఉండాలన్నది ఆయన కోరిక. ఈ డిజైను సావుకారు ఒప్పుకోకపోతే క్యాంపుకి బస్సెక్కెయ్యమని మా ఓనరు ముందే చెప్పేశాడు. అక్కడేమో మా నాన్న, మావాడు రాయచూరులో పెద్ద కంప్యూటర్ ఆఫీసులో ఉన్నాడని కాలవ పొడుగునా చాటింపు వేసి ఉన్నాడు. తిరిగి వెళ్ళే ముఖం నాకు లేదు. తలపాగా పెట్టి నిలబెట్టడానికి వేరే ముఖమూ లేదు. తువ్వాలు చుట్టుకుని, ఫోనుని కిటికీలో మంచినీళ్ళ చెంబుకి ఆనించి, టైమరు పెట్టి, ఎదురుగోడకి నేనే నమస్కారం పెట్టాను.

మా బజారులో ఒక పద్ధతి ఉండేది. ఎప్పుడో ఒకరి బోర్డు పక్కవాడి బోర్డుని కప్పేసి పెద్ద తగాదా అయిందట. అప్పటినుంచి ఎవరు కొత్త బోర్డు పెట్టాలన్నా ముందు నమూనా గుడ్డ మీద వేయించి దుకాణం ముందు తాళ్ళతో కట్టాలి. ఇరుగుపొరుగు దుకాణాలవాళ్ళు రోడ్డుకి అవతల కుర్చీలేసుకుని, చాయ్ తాగుతూ దాన్ని పరీక్షిస్తారు. మున్సిపాలిటీ అనుమతి ఆ తర్వాత సంగతి. డిజైనరు మాత్రం గుడ్డ కిందే నిలబడి, రోడ్డవతల నుంచి ఆటోల మీదుగా వచ్చే అభిప్రాయాలన్నీ రాసుకోవాలి.

కన్నడం పైన పెద్దగా ఉందా, తెలుగూ ఉర్దూ కింద కుదిరాయా అన్నదాని మీద గొడవవుతుందని భయపడ్డాను. వాటి జోలికి ఎవరూ పోలేదు. బట్టల దుకాణం పెద్దాయన (దళసరి అద్దాల వల్ల బజారంతా ఆయన్ని దుర్బీను తాత అనేది) చాలాసేపు చూసి, కప్పు కింద పెట్టి, "ఈ మనిషి ఏంది గిట్లున్నడు? మనకు అన్నం పెట్టనీకి పిలుస్తున్నడా, మనల్నే అడగనీకొచ్చిండా?" అన్నాడు.

కుర్చీలన్నీ నవ్వాయి. వీణ్ణి యాడికెల్లి పట్టుకొచ్చినవని సావుకారు అడిగాడు. ఇంటర్నెట్‌లో దొరికాడండి అన్నాను. ఇక ఆ పరాయివాడి మీద ఎవరికీ మొహమాటం లేకపోయింది. మెడ సన్నమన్నారు, బుగ్గలు పీక్కుపోయాయన్నారు, డాక్టరు దగ్గర సూదికి నిలబడినట్టు నవ్వుతున్నాడన్నారు. ఆ ముఖం అచ్చంగా బోర్డు కిందే నిలబడి ఉంది, అయినా ఒక్కరూ నా వైపు చూడలేదు. నేను వినయంగా రాసుకున్నాను: మెడ లావు చెయ్యాలి, బుగ్గలు పెంచాలి, కళ్ళల్లో దిగులు తీసెయ్యాలి. చివరిది రాస్తున్నప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

బుగ్గలు కంప్యూటర్లో సులువుగానే పెరిగాయి. దిగులు తీసే మీటే ఎంత వెతికినా దొరకలేదు. రెండోసారి గుడ్డ కట్టేసరికి దుర్బీను తాత, ఆకలి తీరింది గానీ పంటినొప్పి పట్టుకున్నదని తేల్చేశాడు. ఈ ముఖాన్ని తీసేసి గిన్నెల బొమ్మ పెట్టుకుందామని సావుకారు లేచాడు. మా ఓనరు నా వైపు చూసిన చూపులో బస్సు స్టాండు కనిపించింది.

అంతలో లోపలినుంచి సావుకారు తల్లి వచ్చింది. అవ్వ అనేవారందరూ. జొన్నరొట్టెలు తట్టిన చేతులు పిండితో అలాగే ఉన్నాయి. గుడ్డ వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ గుడ్డ వైపు చూసింది.

"నీ కండ్లు యాడున్నయ్ రా సావుకారూ? బొమ్మల ఉన్నోడు నీ ముంగటనే నిలవడ్డడు కద" అంది కొడుకుతో. తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఎన్ని దినాలాయె బిడ్డా, నువ్వు కడుపునిండ తిని?"

నిన్న రాత్రి తిన్నానండి అన్నాను. ఏం తిన్నావని అడక్కుండానే అవ్వ నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ముఖం మార్చేది లేదని, పిల్లగాడు నాలుగు దినాలు సరిగ్గా తిన్నాక మళ్ళీ ఫొటో తియ్యాలని గుమ్మంలోంచే తీర్పు చెప్పింది. (హోటల్ బోర్డు కోసం డిజైనరుని మేపడం ఆ బజారు చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను.) వేడి రొట్టె, పుండికూర (మావాళ్ళ గోంగూరే), వెన్న. వంటింట్లో అవ్వ ఎదురుగా పీట మీద కూర్చుని తింటుంటే, ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు గుర్తుకే రాలేదు. ఒకరు చూస్తుంటే తినడం అంత బాగుంటుందని నేను అప్పటికి మరిచిపోయి ఉన్నాను.

ఫొటో సావుకారే తీశాడు. మూడోసారి గుడ్డ కట్టినప్పుడు కుర్చీలన్నీ ముందుకు జరిగాయి. చివరికి దుర్బీను తాత, ఇప్పుడు ఆకలైతున్నదని చెప్పి రోడ్డు దాటి నేరుగా హోటల్లోకి వెళ్ళిపోయాడు. బోర్డు పాసైంది, నేను రాయచూరులోనే ఉండిపోయాను. దారినపోయేవాళ్ళంతా బోర్డు మీదవాడు తమనే పిలుస్తున్నాడని అనుకునేవారు. ఫొటో తీసిన క్షణంలో నేను సావుకారు భుజం వెనక రొట్టె పట్టుకుని నిలబడ్డ అవ్వని చూస్తున్నానని ఎవరికీ తెలియదు.

తర్వాత ఆ హోటలుకి లైట్ల బోర్డు వచ్చింది. అప్పటికే అవ్వ పోయింది. దించేసిన ఫ్లెక్సుని సావుకారు చుట్ట చుట్టి నాకిచ్చేశాడు. ఇప్పుడు మా క్యాంపుకి దగ్గర్లోనే సింధనూరులో నాకు సొంత దుకాణం ఉంది, బుగ్గలకి ఏ కొదవా లేదు, డాక్టరు తగ్గించమంటున్నాడు కూడా. పనిలేని మధ్యాహ్నాల్లో ఎప్పుడైనా షట్టరు సగం దించి ఆ ఫ్లెక్సు విప్పి చూసుకుంటాను. ఆ కుర్రవాడు ఎటు చూస్తున్నాడో నేనూ అటే తిరిగి చూస్తాను. అటువైపు మా దుకాణం గోడ ఉంటుంది. అయినా వాడి నవ్వు చూస్తే నాకూ నవ్వొస్తుంది, కాస్త ఆకలి కూడా వేస్తుంది.