అవ్వ సంచిలో మా వైఫై

జగిత్యాల బస్టాండులో దిగి బ్యాగు సర్దుకుంటుంటే హార్డ్ డిస్క్ చేతికి తగలలేదు. పిల్లలు పుట్టినప్పటి నుంచి తీసిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. దుబాయిలో ఉన్న వాళ్ల నాన్న వాటిని ఇంకా చూడలేదు. మరో కాపీ లేదు.

కోరుట్ల నుంచి మేమొచ్చిన బస్సంతా వెతికాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది. అది వైఫైతో ఫోన్లో వీడియోలు చూపించే డిస్క్. దారంతా పిల్లలు చూస్తూనే వచ్చారు. ఆన్‌లో ఉంటే దాని పేరు ఫోన్లో కనిపిస్తుంది. ఇద్దరినీ వెంటేసుకుని, ఫోన్ చూస్తూ బస్టాండంతా తిరిగాను. సిరిసిల్ల బస్సు దగ్గర, పిల్లల పేర్లతో నేను పెట్టిన 'చిన్ని-బబ్లు' అని కనిపించింది. కోరుట్ల నుంచి మా పక్క సీట్లో కూర్చుని వచ్చిన అవ్వ ఆ బస్సు ఎక్కబోతోంది.

"అవ్వా, నీ సంచిల మా వైఫై ఉన్నట్టుంది."

"నా సంచిల బీడీలాకు, తంబాకు డబ్బా తప్ప ఏమున్నదే బిడ్డా?"

తీసి చూస్తే నల్ల డబ్బాలు రెండున్నాయి. దిగే తొందరలో మా డిస్క్‌ను కూడా తన తంబాకు డబ్బానే అనుకుని వేసుకుంది.

"గిదేంది, నా డబ్బా ఈనిందా?" అంది అవ్వ. బస్సంతా నవ్వింది. నేను గెలిచినట్టు డిస్క్ పైకెత్తి చూపించాను.

రాత్రే ఇంకో కాపీ తీశాను. పొద్దున పిల్లలకు చెప్పాను: "నిన్న మీరు స్విచ్ బంద్ చెయ్యకపోవుడే మంచిగైంది. ఇయ్యాల్టి సంది మాత్రం బంద్ చెయ్యుండ్రి."