కందిపప్పుతో తీర్చిన అప్పు

ఆ రోజుల్లో మావైపు కంప్యూటర్ సైన్సు సీటంటే పెళ్లి సంబంధం కిందే లెక్క. అప్పు ఒక పక్క, రాబోయే జీతం ఇంకో పక్క పెట్టి ఇంటిల్లిపాదీ తూచేవాళ్లు. మా ఇంటిల్లిపాదీ అంటే అమ్మా, నేనూ. అమ్మ కడపలో ఒక క్రైస్తవ మిషను ఆసుపత్రిలో నర్సు. నా చదువు అప్పు కాగితాల మీద నా సంతకం పక్కనే ఆవిడ సంతకమూ ఉంది. బెంగళూరులో ఉద్యోగం రాగానే కంపెనీ ఉత్తరంలో ఉన్న ఏడాది జీతం మొత్తాన్ని పన్నెండుతో భాగించాను. (ఇంజనీరింగు నాలుగేళ్లూ చదివి నేను చేసిన మొదటి సొంత లెక్క అదే.) అప్పు వాయిదా పోగా మిగిలిన దాంతో అమ్మకు ఫ్రిజ్, నాకు చెప్పులు, ఇద్దరికీ ఊటీ ప్రయాణం, అన్నీ మనసులోనే కొనేశాను.

మొదటి జీతం చేతికొచ్చాక తెలిసింది, ఆ మొత్తంలో నన్ను ఆఫీసుకు మోసే బస్సు, నాకు రాని జబ్బులకు బీమా, వస్తుందో రాదో తెలియని బోనసు కూడా ఉన్నాయని. ఇంకో ముక్క భోజనం కూపన్ల పుస్తకాలుగా వచ్చింది. అద్దె కట్టి, వాయిదాకు తీసి పెట్టబోతే చేతిలో డబ్బు చాలలేదు. కట్టకపోతే కడపలో బ్యాంకు మేనేజరు కబురు పెట్టేది అమ్మకే. డ్యూటీ దిగి, తెల్లచీరతోనే వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడాలి. అది తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు. ఆ మాటకొస్తే, అన్నానికి మాత్రం కొదవ లేదు.

చివరికి కూపన్ల పుస్తకం పట్టుకుని ఆఫీసు దగ్గరున్న అదే బ్యాంకు శాఖకు వెళ్లాను. నోటులాగే ఉంది, అంకె వేసి ఉంది, తీసుకుంటే వాళ్లదేం పోయింది అని నా వాదన. కౌంటర్లో ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తినేదానికమ్మా, కట్టేదానికి కాదు," అన్నాడు. నా వెనక లైనులో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టి బయటికొచ్చేశాను. ఆ నెల వాయిదా చెవి కమ్మలు కుదువ పెట్టి కట్టాను.

అప్పటి నా వైభోగం చూడాలి. ఇంటికి ఫోన్ చేయడానికి ఎస్టీడీ బూత్‌లో ఇవ్వాల్సిన చిల్లర లేదుగానీ, కూపన్లు తీసుకునే ఏసీ హోటల్లో మాత్రం రాణిలా కూర్చుని మసాలా దోసె, ఆపైన ఐస్‌క్రీము తినేదాన్ని. వెయిటరు ఎదురు కుర్చీ చూపించి, "ఇంకా ఎవరైనా వస్తారా మేడం?" అని అడిగేవాడు. ఒంటరిదాన్నని చెప్పుకోవడం ఇష్టంలేక "వస్తారు" అనేదాన్ని. పాపం, అతను రెండు గ్లాసుల్లో నీళ్లు పోసేవాడు. నేను రెండూ తాగి వచ్చేదాన్ని. ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరూ లేరు.

కూపన్లకు గడువు ఉంటుందని, దాటితే చెల్లవని ఆలస్యంగా తెలిసింది. కంగారులో, వాటిని తీసుకునే సూపర్ మార్కెట్టుకు వెళ్లి కందిపప్పు కొన్నాను. పాడవదు కదా అని ఇంకా కొన్నాను. కూపన్లకు వాళ్లు చిల్లర ఇవ్వరు కాబట్టి మిగిలిన దానికి టాఫీలు తీసుకున్నాను. మహదేవపురలో నేనుండేది వఠారం, అంటే ఒకే గేటు లోపల వరసగా గదులు. ఆ సంచులు మోసుకుంటూ గేటు దాటేసరికి ఓనరమ్మ అడ్డం వచ్చింది. వాళ్ల తాతల నాడే బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లు.

"ఏం పాపా, పెండ్లి ఏమన్నా ఉండాదా? ఒగదానివే ఇంత పప్పు ఏం చేస్తావు?"

ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పాను. ఆవిడ రెండు కిలోలు కొలిపించుకుని, డబ్బు నా చేతిలో పెట్టింది. వద్దన్నాను.

"ఊరికే తింటే అరగదు. అంగట్లో ఇచ్చే దుడ్డే కదా, నీకిస్తా ఉండా," అంది.

సాయంత్రానికి పక్క గదుల వాళ్లు గిన్నెలతో వచ్చారు, పిల్లలు టాఫీల కోసం వచ్చారు. అప్పట్నుంచి నెలనెలా మొదటి శనివారం నా గది అంగడే. కూపన్లతో ఒకరికి రవ్వ, ఒకరికి నూనె తెచ్చేదాన్ని. వాళ్లిచ్చిన నోట్లు వాయిదాకు వెళ్లేవి. "కూపన్లక్కా, ఉండావా?" అని తలుపు కొట్టేవాళ్లు. వచ్చినవాళ్లు వెంటనే పోయేవాళ్లు కాదు, మంచం మీద కూర్చుని అత్తల సంగతులన్నీ చెప్పేవాళ్లు. అమ్మకు బ్యాంకు నుంచి ఒక్కసారి కూడా కబురు రాలేదు.

జీతం పెరిగింది, అప్పు తీరింది. అమ్మ ఫోన్లో, "ఇంక ఆ సంచులు మోయొద్దులే తల్లీ," అంది. నేనూ గొప్పగా, ఇక సరుకులు తేనని వఠారంలో చెప్పేశాను. తర్వాతి నెల మొదటి శనివారం తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, నేనే వద్దన్నాను కదా. చీకటి పడుతుండగా ఓనరమ్మ దగ్గరికి వెళ్లి, "పిన్నీ, పప్పు ఏమన్నా కావాలా?" అన్నాను.

"అప్పు తీరిపాయ అంటివే?"

"తీరింది."

ఆవిడ మేకుకున్న సంచీ తీసి నా చేతిలో పెట్టింది. "తే అట్లయితే. ఇంటి నిండా పప్పే ఉండాది, అయినా తే," అంది.

ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, లిఫ్టున్న అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. కూపన్లు పోయి కార్డులొచ్చాయి, చిల్లర బాధే లేదు. అయినా బిల్లు కట్టేటప్పుడు నా చెయ్యి టాఫీల డబ్బా వైపు వెళ్తుంది. లిఫ్టులో పిల్లలు కనిపిస్తే ఇవ్వబోతాను. వాళ్లు తీసుకోవచ్చా అన్నట్టు వాళ్లమ్మ ముఖం చూస్తారు, ఆవిడ ఫోన్ చూస్తూ ఉంటుంది, ఈలోగా వాళ్ల అంతస్తు వచ్చేస్తుంది. మిగిలినవి నేనే తింటూ పైకి వెళ్తాను. ఈ వయసులో అన్ని టాఫీలేమిటని పళ్ల డాక్టరు అడిగితే, పాత అలవాటని చెప్పాను.