అత్తయ్య మూసేసిన దారి

మా అత్తయ్యది చీరాల, మగ్గం ఉన్న ఇల్లు. అంచులో ఒక్క పోగు తేడాగా కనబడినా ఆవిడకి నిద్రపట్టదు. ఆవిడ అమెరికాలో మా ఇంటికి వచ్చినప్పుడే ఈ సంగతి నేను గుర్తుపెట్టుకోవాల్సింది.

ఇవాళ హాస్పిటల్‌లో డ్యూటీ అయ్యి ఇంటికొచ్చేసరికి, హాల్లో గోడకున్న నవాహో తెగవాళ్ల ఉన్ని రగ్గు ముందు అత్తయ్య సూది పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంత బాగా నేసినావిడ చివర్లో చూసుకోలేదు పాపం. నల్ల అంచులో ఒక తెల్లగీత బయటికంటా పోయింది. అది లాగేసి, నీ నల్ల స్వెటర్ ఉన్నితో రఫూ చేశాను. ఎక్కడో కనిపెట్టు చూద్దాం!" అన్నారు. ఇండియా నుంచి ట్రంక్ కాల్ వస్తే కూతురికి చెప్పుకుంటారట కూడా.

ఆ గీత పొరపాటు కాదు. ఈ ఊళ్లోనే ఉండే నవాహో అమ్మాయి రోజ్ ఆ రగ్గుని నేసింది. నేసేవాళ్ల ప్రాణం కొంత రగ్గులోకి వెళ్తుందట. చుట్టూ అంచు మూసుకుపోతే అక్కడే చిక్కుకుపోతుందని, బయటికి రావడానికి ఆ దారి వదులుతారట. అమ్మేటప్పుడు తనే నాకు చెప్పింది.

అదే అత్తయ్యకి చెప్పాను. "అయ్యో, ఆ పిల్లని లోపల పెట్టి తలుపేసేశానా?" అని కత్తెర తీసుకున్నారు. కానీ ఎంత నేర్పుగా కలిపేశారంటే, ఏ పోగు తనదో, ఏది రోజ్‌దో ఇప్పుడు ఆవిడకే తెలియడం లేదు.

రేపు రోజ్ మా ఇంటికి భోజనానికి వస్తోంది. పిలవమన్నది అత్తయ్యే. తనకి ఏం చెప్పాలో మీరే చెప్పండి. అత్తయ్య ఇంకా అంచు తడుముతూనే ఉన్నారు.