అరచేతి కింది గవ్వలు

“పెద్దమ్మా, ఆనాడు గవ్వలల్ల నిజంగ ఎంత పడ్డది?”

“ఎనిమిదే బిడ్డా. ఎన్నిసార్లడుగుతవ్?”

కొత్తవాడ పెద్దమ్మతో నా చివరి మాటలివే. అష్టాచెమ్మలో గవ్వలెవరు వేసినా లెక్క చెప్పేది ఆమే. ఓడిపోయేవాళ్ల గవ్వలను అరచేత్తో మూసి, వాళ్లకు కావలసిన పందెమే చెప్పేది. “ఆటనే గదనే, ఏడిపియ్యాల్నా?” అని నవ్వేది.

మా ఆయన దవాఖానలో ఉన్ననాడు, ఎనిమిది పడితే గండం గడిచినట్టు, పడకపోతే ఇప్పుడే బయలుదేరాలని పైకే అనుకొని గవ్వలు వేశాను. అవి ఇంకా దొర్లుతుండగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఎనిమిది! ఫికర్ చెయ్యకు.”

రేపు పోదామని ఆగాను. మాపటికే ఆయన పోయాడు.

నేను చెప్తుంటె పెద్దమ్మది మోసమని రాసినవా మనుమరాలా? కొట్టెయ్యి. ఆ చెయ్యి జరిపి చూడనిది నేనే. ఇగ మొదటి సంది చదువు, వింట.