నేను స్పానిష్‌లో తిట్టిన రోజు

ఖతార్‌లో, దోహా పక్కన ఐన్ ఖాలిద్‌లో నేను వంట చేసిన ఇంటి మేడమ్‌ది స్పెయిన్. ఆవిడకు కోపం వస్తే ముందు గిన్నె ఎగిరేది, తర్వాత మాట. ఒకసారి గోడకు తగిలి పగిలిన కప్పు ముక్కలు ఏరుతూ, ఏమని తిట్టారని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. పాలలో దొడ్డికి పోతానని అర్థమట. పాలేం పాపం చేశాయని నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వి నాకు కాఫీ కలిపిచ్చింది. కోపమంతా కక్కేసి పది నిమిషాల్లో మామూలైపోయే ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అసూయ, ఇంకేం కాదు.

నాకు తిట్టడం చేతకాదు. ఖతార్ రాకముందు పద్నాలుగేళ్ళు మా ఆయన బెల్టుతో కొడుతుంటే "ఏమండీ, చాలండీ" అన్నాను తప్ప మరో మాట రాలేదు. మా గోదావరి వైపు మర్యాద అంతే, తన్నేవాడికి కూడా గారు తగిలిస్తాం. అందుకే ఆవిడ తిట్లన్నీ బట్టీ పట్టాను. చపాతీ పిండిని గుద్దుతూ ఒక్కొక్కటే అనేదాన్ని. ఆ భాషలో నాకు మొగుడు లేడు, అత్త లేదు. నోరు చక్కగా తిరిగేది.

ఒక మధ్యాహ్నం, ఇంటర్ చదివే నా కూతురు వీడియో కాల్ చేసింది. చెంప వాచి ఒక కన్ను మూసుకుపోయింది. క్లాసు అబ్బాయి ఫోను చేశాడని తండ్రి కొట్టాడట, కాలేజీ మానిపిస్తాడట. వెనకాల ఆయన చేతిలో బెల్టు ఇంకా అలాగే ఉంది. ఫోను ఆయనకిమ్మన్నాను. నోరు తెరిస్తే అలవాటుగా "ఏమండీ" అనే వచ్చింది. నా మీద నాకే అసహ్యమేసి, వచ్చిన స్పానిష్ తిట్లన్నీ అరిచాను. చేతిలో ఉన్న బాణలి నేలకేసి కొడితే టైలు పగిలింది. గొంతు బొంగురుపోయేదాకా తిట్టి ఫోను కట్టేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గెలిచాననే అనుకున్నాను.

గంట తర్వాత పిల్ల మళ్ళీ చేసింది. ఈసారి పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"నువ్వేమన్నావో నాన్నకి అర్థం కాలేదమ్మా. మీ అమ్మకి అక్కడ పిచ్చి పట్టిందని నవ్వాడు. నవ్వడం అయ్యాక మళ్ళీ కొట్టాడు. తిడితే తెలుగులో తిట్టమ్మా."

సిగ్గుతో చచ్చిపోయాను. నేను అరిచింది దాని కోసం కాదు, నా కడుపుమంట చల్లారడానికి. అది దెబ్బలు తింటుంటే నేనిక్కడ హాయిపడ్డాను.

వెంటనే ఆయనకి ఫోను చేశాను. అరవలేదు.

"పిల్ల మీద ఇంకొక్క దెబ్బ పడిందా, వచ్చి నీ చెయ్యి నరుకుతానురా. జైలుకి పోయినా పర్లేదు. ఇప్పుడే దాని బట్టలు సర్ది మా అక్క ఇంటికి పంపు."

 బస్సు నాలుగింటికి ఉందన్నాడు. పిల్ల చేరిందని అక్క చెప్పేదాకా నేను ఆ వంటింటి నేల మీద నుంచి లేవలేదు.