తొట్టిలో చోటు

“...నన్నొక్క మాటైనా అడక్కుండా నా బండి సీటు కోసేస్తావా?” అన్నాడు షర్షెన్, గ్యారేజీ గుమ్మాన్ని తడిమి పట్టుకుని.

“కొయ్యకపోతే నా కాళ్లు నేలకి అందవయ్యా,” అంది బురుల్.

పొట్టి మనిషి. విప్పిన బోల్టుల్ని కుట్టుసూదుల్లా పెదాల మధ్య పెట్టుకుంటుంది. గుర్రానికి జీను కట్టినట్టే, మోటార్‌సైకిల్ దగ్గరికీ ఎడమవైపు నుంచే వస్తుంది. ముప్పై ఏళ్లు దాన్ని మొగుడు షర్షెనే నడిపాడు. బండి పక్కన బిగించిన ఒంటిచక్రం తొట్టిలో, గుర్రప్పాల బాన ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చునేది. అతని చూపు పోయాక రెండు వేసవులు, గుర్రాల్ని మేపే కొండమీది పచ్చికకు ఇద్దరూ వెళ్లలేదు. మూటలా తొట్టిలో కూర్చుని రానని అతని పంతం. ఈ వసంతంలో ఆమె సీటు దించింది, హ్యాండిల్ తనవైపు వంచింది.

“చెయ్యి ఇటివ్వు,” అని అతని చేతిని తొట్టిలో పెట్టింది. లోపల కొత్త కంబళి. అంచున, చేతికందే చోట తోలుపట్టీ. ముందు రేకు కోసి, అతని పొడుగు కాళ్లకు సరిపడా ముందుకు పెంచింది. షర్షెన్ వేళ్లు ఆ అతుకు వెంట మెల్లగా నడిచాయి.

“అతుకు వంకరగా ఉందే.”

“నీ ముక్కు కంటే నయమే. ఎక్కు.”

అతను ఎక్కి కాళ్లు బారచాపాడు. ఎక్కడా తగల్లేదు.

“రేపు కొండకి పోయేటప్పుడు బాన నా ఒళ్లో పెట్టు,” అన్నాడు.